తొమ్మిదో గడి

ఏసోబు రావడం ఇది అయిదోసారి.
చేతిలో క్యారీబ్యాగు. అందులో ఈసారి
భార్య చెప్పులు.
అడుగులు వంకర తిరిగి
బొటనవేలు ఆనేచోట కరిగి అతుక్కున్న
హవాయి చెప్పులు.
సాచ్చికం తెమ్మన్నారు గదా సార్, అన్నాడు.

నేను జూనియర్ అసిస్టెంటుని.
వడదెబ్బ చావుల ఫారం నింపేది నేనే.
పేరు: బూరగ సలోమి. వయసు: నలభై ఒకటి.
వృత్తి: మిరపకాయలకు తొడిమలు తీయుట.
స్థలం: నల్లపాడు రోడ్డు, రేకుల షెడ్డు.
తారీఖు: ఏప్రిల్ ముప్పై.
ఎనిమిది గడులు గబగబా నిండుతాయి.
తొమ్మిదో దాని దగ్గర కలం నిలబడిపోతుంది:
మరణ సమయమున ఉష్ణోగ్రత (ధ్రువీకరించబడినది).

ధ్రువీకరించే థర్మామీటరు
తెల్ల పెట్టెలో, పచ్చగడ్డి మీద, గాలాడేచోట ఉంటుంది.
రేకు కింద, ఎర్రటి గుట్టల నడుమ
ఘాటుకు ముక్కుమీద కొంగు బిగించుకున్న
ఎనభైమంది ఆడవాళ్ల నడినెత్తిన ఎంత ఉందో
ఎవరూ కొలవలేదు.
మా ఆఫీసులో కొలవనిది జరగనట్టే.

పెద్దాసుపత్రి చీటీలో
గుండె ఆగి మరణం అని ఉంది.
గుండె ఆగకుండా ఎవరు చచ్చారు సార్?
కోపంగా కాదు, నిజంగానే
తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

సూపరింటెండెంటు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ
ఎండలు ఏటా ఉండేయేగా,
రోహిణి కార్తెలో రోళ్లు పగలవూ, అన్నారు.

రోహిణి కాదండీ, అప్పటికి భరణే.
రోహిణికి ఇంకా ఇరవై అయిదు రోజులుంది.
అయినా మా నాయనమ్మ రోళ్లు పగుల్తయ్యని చెప్పింది గానీ
మనుషులు పగుల్తారని చెప్పలా.

గదిలో కూలరొక్కటే మాట్లాడుతోంది.
దాని నాలుగో కాలు పొట్టి.
కాలికింద ఎత్తుకు పెట్టింది
అరవై రెండు పేజీల వేసవి కార్యాచరణ ప్రణాళిక.
మూడేళ్ల కిందట తపాలాలో వచ్చింది.
నంబరు వేసింది నేను. గుండ్రటి ముద్ర కొట్టింది నేను.
కొత్తలో కదా, చదివాను కూడా.
పదకొండు నుంచి నాలుగు దాకా పని ఆపించాలట,
రేకుల మీద సున్నం కొట్టించాలట.
ఎవరు, ఎప్పట్లోగా, ఏ పద్దు నుంచి అన్నచోట
చుక్కలు.
ఆ చుక్కల మీద సంతకం పెట్టాల్సినవాళ్లు
బదిలీ అయ్యారు, రిటైరయ్యారు,
ఓడారు, గెలిచి మళ్లీ ఓడారు.
సూర్యుడికి మాత్రం బదిలీ లేదు.
చలివేంద్రానికి డబ్బొచ్చింది. నిజమే, వచ్చింది.
ఫ్లెక్సీలో చిరునవ్వు ఇంకా వెలవలేదు,
కుండలు మూడోనాడే ఖాళీ.

గవర్నమెంటంటే ఎవరు సార్?
ఎవర్ని అడగమంటారు?
గోడమీది ఫోటో వంక చూశాను.
సూపరింటెండెంటు గారి వంక చూశాను.
ఇంక చూడ్డానికేమీ మిగల్లేదు,
ఇంకు అంటిన నా వేళ్లు తప్ప.

ఏమైందో, లేచి వెళ్లి
కూలర్ కింద పుస్తకాన్ని లాగాను.
తడిసి ఉబ్బింది. అట్టమీద అక్షరాలు చేతికి అంటాయి.
కూలరు ఒరిగింది, నీళ్లు ఒలికాయి,
అయిదు విడతలుగా తలెత్తని ఆఫీసు
అమాంతం లేచి నిలబడింది.
పట్టుకో పట్టుకో అని అరుపులు.
పట్టుకున్నది ఏసోబే.
మిర్చి యార్డులో టిక్కీలు మోసిన వీపు అది,
పడనిస్తుందా.

రెండు చేతులా దాన్ని వాటేసుకుని
చల్లగాలికి మొహం అడ్డంపెట్టి
కళ్లు మూసుకుని అట్లాగే నిలబడ్డాడు.
చెప్పులున్న సంచి నీళ్లలో.

కిందకి ఏదన్నా కాగితాల కట్ట చూడవయ్యా,
ఎంతసేపు మోస్తాడు, అన్నారు సూపరింటెండెంటు గారు.

నా చేతిలో
సలోమి ఫారం ఉంది.